గేటు ఎత్తే ముందు మా మెట్లు లెక్కపెట్టండి

బహిరంగ లేఖ

చెన్నై చుట్టూ ఉన్న జలాశయాల గేట్లు ఎప్పుడు ఎత్తాలో, ఎంత ఎత్తాలో నిర్ణయించే ఇంజినీర్లకు, జిల్లా అధికారులకు. సరిహద్దు అవతల పిచ్చాటూరు, కృష్ణాపురం డ్యామ్‌లు చూసే మన ఆంధ్ర అధికారులకు,

అయ్యా, అమ్మా,

నమస్కారం. నేను సైదాపేటలో, అడయార్ నదికి నాలుగు వీధుల ఇవతల టైలరింగ్ షాపు నడుపుతున్నాను. షాపంటే పెద్దదేం కాదు, అద్దె ఇంటి ముందు గది. రెండు కుట్టు మిషన్లు, ఒక ఓవర్‌లాక్ మిషన్, ఒక ఇస్త్రీ బల్ల. మా నాన్న వెంకటగిరి నుంచి వచ్చినప్పుడు ఈ ఊరిని మద్రాసు అనేవాళ్లు, మా ఇంట్లో ఇప్పటికీ అదే మాట. వానల్లో మీరు రాత్రిళ్లు కూడా చెరువు కట్ట మీదే ఉంటారని తెలుసు. ఆ గౌరవం పెట్టుకునే రాస్తున్నాను.

ఇది నా నాలుగో ఉత్తరం. మొదటి మూడూ తమిళంలో, మా అబ్బాయి చేత టైపు చేయించి ఆఫీసుకి వెళ్లి ఇచ్చాను. మొదటిదానికి రసీదు వచ్చింది, జవాబు రాలేదు. రెండోదాన్ని ఇది మా పరిధి కాదని ఇంకో ఆఫీసుకి పంపారు. అది తిరిగి తిరిగి మొదటి ఆఫీసుకే వచ్చింది. మూడోది తీసుకున్న గుమాస్తా "వానలు రానీండమ్మా, చూద్దాం" అన్నాడు. వానలొచ్చాక చూడ్డానికి ఏముంటుంది, నీళ్లే కదా! అందుకే ఈసారి నాకు బాగా చేతనైన భాషలో, నలుగురికీ తెలిసేలా రాస్తున్నాను. తెలుగులోనే ఎందుకన్నది కింద మూడో అంశంలో చెబుతాను.

అడయార్ పొంగి ఊరు మునిగిన 2015 డిసెంబరు 1 రాత్రి సంగతి మీకు కొత్త కాదు. మాకు ఎలా వచ్చిందో మాత్రం వినండి. పొద్దున్నుంచీ ఒకటే వాన. మధ్యాహ్నానికే కరెంటు పోయింది. చీకటి పడ్డాక వీధి చివర నీళ్లు కనబడ్డాయి. అది డ్రైనేజీ నీళ్లే అనుకున్నాం, ప్రతి ఏడూ చూసేవే. పదకొండు దాటాక పక్క వీధి కుర్రాడొకడు కర్రతో తలుపులు బాదుకుంటూ "తణ్ణి వరుదు, మేలే పో!" (నీళ్లొస్తున్నాయి, పైకి పో!) అని అరుచుకుంటూ వెళ్లాడు. మాకు వచ్చిన హెచ్చరిక అదొక్కటే. సైరన్ లేదు, మైకు లేదు, ఫోన్లు అప్పటికే పనిచేయడం మానేశాయి. అత్తయ్యను ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి నలుగురం మోసి, బయటి మెట్ల మీదుగా ఇంటి ఓనరు గారి మేడ మీదికి చేర్చాం. రెండోసారి కిందికి దిగేసరికి నడుము దాకా వచ్చాయి. మూడోసారి దిగలేదు.

మా మేడమెట్లు పధ్నాలుగు. నీళ్లు తొమ్మిదో మెట్టు దాకా వచ్చి ఆగాయి. తర్వాత టేపు పెట్టి కొలిచాను, మెట్టు ఏడంగుళాలు. తొమ్మిది మెట్లకి అరవై మూడంగుళాలు. నా ఎత్తు అరవై ఒకటి.

తెల్లారాక మేడ మీద నుంచి చూస్తే వీధి లేదు, నదే ఉంది. సైదాపేట మరైమలై అడిగళార్ వంతెన మీదుగా నీళ్లు పోతున్నాయని చెప్పుకున్నారు. 1878లో మొదలైన ఇంగ్లీషు పత్రిక 'ది హిందూ' ఆ ఒక్క రోజు అచ్చుకాలేదని తర్వాత తెలిసింది. అచ్చు వేసేవాళ్లు ప్రెస్సుకి చేరలేకపోయారట. అంత పెద్ద సంస్థకే అలా అయిందంటే, మా వీధికి ఎవరూ రాలేదని నేను పెద్దగా ఆశ్చర్యపోలేదు.

మీ వైపు న్యాయం కూడా నాకు తెలుసు. మా అడయార్‌లోకి నీళ్లు వదిలే చెంబరంబాక్కం జలాశయం వరద ఆపడానికి కట్టిన డ్యామ్ కాదు. పొలాలకి నీళ్లివ్వడానికి పాత రాజుల కాలంలో తవ్విన చెరువు, ఇప్పుడు ఊరికి తాగునీళ్లు ఇస్తోంది. పూండి జలాశయం నుంచి వచ్చే కాలువ ద్వారా కండలేరు నీళ్లు, అంటే మన కృష్ణమ్మ నీళ్లు కూడా అందులో చేరతాయి. హైదరాబాదు కథ వేరు. 1908 సెప్టెంబరులో మూసీ ఊరిని ఊడ్చేశాక, మోక్షగుండం విశ్వేశ్వరయ్య గారి సలహాతో వరదను పట్టి ఉంచడానికే 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ కట్టారు. మనకు అలా ప్రత్యేకంగా కట్టింది లేదు. ఉన్న తాగునీటి చెరువే వరదనీ ఆపాలి. తాగునీళ్ల కోసం చెరువు నిండుగా ఉండాలి, వరద కోసం ఖాళీగా ఉండాలి. ఈ రెండింటి మధ్య మీరు నలుగుతున్నారని ఒప్పుకుంటాను. 2019 ఎండల్లో ఇదే చెంబరంబాక్కం పగుళ్లు బారిన నేలయింది. జోలార్‌పేట నుంచి రైల్లో నీళ్లు తెచ్చారు. మేమంతా బిందెలు వరసపెట్టి లారీ కోసం తెల్లారుజాము దాకా కాపలా కాశాం. అక్టోబరులో చెరువు ఖాళీ చేసి, వాన పడకపోతే మళ్లీ తిట్లు తినేది మీరే.

అయినా లెక్క లెక్కే. చెరువు నిండు లోతు 24 అడుగులు, పట్టే నీరు 3,645 మిలియన్ ఘనపుటడుగులు. వానాకాలంలో 22 అడుగులు వచ్చేసరికి గేట్లు ఎత్తుతున్నారు, అంటే మిగిలేది రెండడుగులు. 2015 డిసెంబరు 1న మొదలైన ఆ ఒక్క రోజు వానలో చెంబరంబాక్కంలో 47 సెంటీమీటర్లు పడింది. టేపు తిప్పి చూడండి, పద్దెనిమిదిన్నర అంగుళాలు. చుట్టుపక్కల నుంచి పారి వచ్చే నీళ్లు వదిలేయండి, చెరువు మీద నేరుగా పడ్డ వానే ఒకటిన్నర అడుగు తినేసింది. మేం జాకెట్టు కుట్టేటప్పుడు లోపల మార్జిన్ వదులుతాం, మనిషి రేపు లావైతే విప్పుకోవడానికి. పండగ ముందు గుడ్డ తక్కువైందని మార్జిన్ మింగేసే టైలర్లూ ఉన్నారు. వాళ్ల దగ్గరికి రెండోసారి ఎవరూ వెళ్లరు. మాకు ఇంకో చెరువు లేదు కదా, ఎక్కడికి వెళ్లగలం.

ఆ రోజు ఉదయం వందల్లో ఉన్న నీటి విడుదల సాయంత్రానికి 29,000 క్యూసెక్కులైంది. ఒక క్యూసెక్కు అంటే సెకనుకు 28 లీటర్ల పైచిలుకు, మా ప్లాస్టిక్ బిందెలు రెండు. 29,000 అంటే, 12,000 లీటర్ల నీళ్ల లారీలు సెకనుకి 68. ఒకటి, రెండు అని పలికేలోగా 136 లారీలు. అడయార్‌లోకి వచ్చేది ఆ నీళ్లొక్కటే కాదని తెలుసు. ఆదనూరు, ముడిచ్చూరు, వరదరాజపురం వైపు చెరువుల అలుగు నీళ్లన్నీ కలిసి వచ్చాయి. వాటికి గేట్లూ లేవు, ఆపేవాళ్లూ లేరు. ఆ నవంబరు నెలంతా కలిపి ఊళ్లో 100 సెంటీమీటర్లు దాటి కురిసింది కాబట్టి నేల ఇంకో చుక్క పీల్చుకునే స్థితిలో లేదు. ఇదంతా నిజమే. 2018లో శాసనసభ ముందుకు వచ్చిన కాగ్ (సర్కారు లెక్కలు తనిఖీ చేసే సంస్థ) నివేదిక మాత్రం ఈ వరదను మనుషుల చేతుల మీదుగా వచ్చిన విపత్తు కిందే లెక్కగట్టింది, చెరువుకి అత్యవసర కార్యాచరణ ప్రణాళిక లేదని ఎత్తిచూపింది. తప్పెవరిదన్న పాత పంచాయితీ నాకు అక్కర్లేదు. గేట్లు ఎత్తొద్దని కూడా నేను అనను. ఎత్తకపోతే ఏమవుతుందో 2021 నవంబరు 19న రాజంపేట వైపు చెయ్యేటి మీద చూశాం. పైన పింఛా కట్ట తెగింది. కింద అన్నమయ్య ప్రాజెక్టుకున్న ఐదు గేట్లలో ఒకటి తెరుచుకోలేదు. మట్టికట్ట కొట్టుకుపోయి ఊళ్లకు ఊళ్లు తుడిచిపెట్టుకుపోయాయి. మా పెద్దమ్మ తరఫు వాళ్లది ఆ వైపే. వాళ్లు ఇప్పటికీ ఏరు అనే మాటను మెల్లగా పలుకుతారు. కాబట్టి గేట్లు ఎత్తండి. కానీ చెప్పి ఎత్తండి, మాకు అర్థమయ్యే లెక్కలో చెప్పండి.

చెప్పకపోతే మామూలు మనుషులకు ఏమవుతుందో రాస్తాను.

1. నా సంగతితో మొదలుపెడతాను. అది కార్తీకమాసం, పెళ్లిళ్ల జాకెట్లు నలభైకి పైగా షాపులో ఉన్నాయి. బురద దిగాక తలుపు తీస్తే మెరూన్ రంగు పట్టు గుడ్డ దాని పక్కనున్న వాటన్నిటికీ అంటుకుంది. ఓవర్‌లాక్ మోటారు కాలిపోయింది. పాత కాలితొక్కుడు మిషన్‌ని కిరసనాయిల్లో మూడు రోజులు నానబెట్టి, చక్రాన్ని చేత్తో తిప్పుతూ ఉంటే నాలుగో రోజు కదిలింది. అది ఇప్పటికీ పనిచేస్తోంది, పాత ఇనుము కదా. జాకెట్లకి డబ్బు నేనే కట్టుకున్నాను, వాయిదాల్లో. డబ్బుతో తీరనిది ఒకటుంది. నా కొలతల పుస్తకం. ఇరవై ఏళ్ల ఖాతాదారుల కొలతలు, ఎవరికి ఎడమ భుజం కాస్త కిందికి ఉంటుందో, ఎవరు కాన్పు తర్వాత ఎంత విప్పించుకున్నారో అన్నీ అందులోనే. నీలం సిరా మొత్తం కరిగి పేజీలన్నీ ఒకే రంగుకి వచ్చాయి. రెండు గంటల ముందు తెలిసి ఉంటే మిషన్లు మోయలేకపోయినా, ఆ పుస్తకాన్ని చంకలో పెట్టుకుని మేడెక్కేదాన్ని.

2. నడవలేనివాళ్లకు హెచ్చరిక అందరికంటే ముందు కావాలి, అందరికంటే ఆఖరున అందుతోంది. మా వీధిలో కింది భాగాల్లో ఉండేది అద్దెవాళ్లు, ముసలివాళ్లు, మెట్లెక్కలేక కింది ఇల్లు తీసుకున్నవాళ్లు. ఒక మనిషిని కుర్చీలో మోయాలంటే నలుగురు కావాలి. అర్ధరాత్రి నలుగురు ఎక్కడ దొరుకుతారు? ఆ వరదలో నది ఒడ్డున ఒక పెద్ద ఆసుపత్రిలో కరెంటు, జనరేటరు పోయి ఐసీయూలో ఉన్నవాళ్లు చనిపోయారు. అంతటి చోట పరిస్థితే అలా ఉంటే మా ఇళ్ల గురించి వేరే చెప్పాలా.

3. ఇప్పుడు భాష సంగతి. ఈమధ్య ఫోన్లకి అలర్ట్‌లు వస్తున్నాయి, సంతోషం. మాకు వచ్చేది తమిళంలో, ఇంగ్లీషులో. ఈ ఊళ్లో పుట్టిన నాలాంటి తెలుగువాళ్లు తమిళం గడగడా మాట్లాడతాం కానీ, మా తరంలో చదవడం రానివాళ్లు చాలామంది. నేనూ అంతే, బస్సు బోర్డు దాకా కూడబలుక్కుంటాను. ఇక శ్రీకాకుళం, విజయనగరం నుంచి బిల్డింగ్ పనికి వచ్చేవాళ్లకు మాట కూడా రాదు. 2014 జూన్‌లో మౌలివాక్కంలో పదకొండు అంతస్తుల బిల్డింగ్ కూలి అరవై మందికి పైగా పోతే, అందులో ఎంతమంది మనవాళ్లో గుర్తుండే ఉంటుంది. ఇప్పటికీ పోరూరు చుట్టుపక్కల, నది వెంట, కట్టే ప్రతి బిల్డింగ్ కిందా రేకుల షెడ్లలో వాళ్లే పడుకుంటారు. 2023 డిసెంబరులో మా వీధి చివర షెడ్డులో ఉన్న దంపతులు అలర్ట్ మోత విని, ఫోను నాకు చూపించి "అక్కా, ఇది లోన్ వాళ్లదా?" అని అడిగారు. నాకూ చదవడం రాలేదు. మా అబ్బాయి డ్యూటీ నుంచి వచ్చాక తెలిసింది, అది నది ఒడ్డు వాళ్లు ఇళ్లు ఖాళీ చేయాలన్న అలర్ట్ అని.

4. వరద పోయాక బురద ఎత్తేది ఎవరు? ఈ ఊరి పారిశుద్ధ్య కార్మికుల్లో తెలుగువాళ్లే చాలామంది, తాతల కాలంలో నెల్లూరు, ఒంగోలు వైపు నుంచి వచ్చిన కుటుంబాలు. మా పక్కింటి అన్న ఇల్లు మునిగినప్పుడు ఆయన వేరే వీధిలో బురద ఎత్తుతున్నాడు. సాయంత్రం వచ్చి తన ఇంట్లో బురద ఎత్తుకున్నాడు. కాళ్లకి చెప్పులే ఉన్నాయి, బూట్లు లేవు. నెల రోజులు పాదాలు ఒరిసిపోయి నడవలేకపోయాడు.

5. ఒడ్డున గుడిసెలు ఉన్నవాళ్లను వరద పేరు చెప్పి ఖాళీ చేయించి పెరుంబాక్కంలో సర్కారు కట్టిన అపార్ట్‌మెంట్ బ్లాకులకు పంపారు. అది చిత్తడినేల పక్కనే ఉంది, అక్కడా వానొస్తే నీళ్లు నిలుస్తాయి. పైగా ఇళ్లలో పనిచేసే ఆడవాళ్లకి అక్కడి నుంచి సైదాపేట రావడానికే సగం పూట.

6. అన్నిటికంటే ఎక్కువగా మమ్మల్ని తినేస్తున్నది టెన్షన్. ఇది లెక్కలోకి రాదు, నష్టపరిహారంలోనూ రాదు. నవంబరులో వాన గట్టిగా పట్టిందంటే వీధి మొత్తం ఫోన్లు చూస్తూ కూర్చుంటుంది. ఒకడు చెంబరంబాక్కం తెగిందంటాడు, ఇంకొకడు పాత వీడియో పంపుతాడు. వార్తల్లో "6,000 క్యూసెక్కులు" అని పడుతుంది. ఆరు వేలంటే మా మెట్టు ఎన్నోది? ఎవరికీ తెలియదు. భయపడి ఓవర్‌లాక్ మోటారు విప్పి మేడ మీద పెడతాను, మిషన్లను బల్లల మీదికి ఎక్కిస్తాం, రెండు రోజుల పని పోతుంది, నీళ్లు రావు. ఒక సీజన్‌లో ఇలా మూడుసార్లు అయ్యాక నాలుగోసారి బద్ధకిస్తాం. 2023లో మిచౌంగ్ అప్పుడు అదే జరిగింది. తుపాను చివరికి బాపట్ల దగ్గర తీరం దాటింది కానీ, దానికి ముందు రోజంతా మన నెత్తినే కూర్చుంది. మా ఇంట్లోకి మూడో మెట్టు దాకా వచ్చాయి. సర్కారు రేషన్ షాపులో ఇచ్చిన 6,000 రూపాయలకు దణ్ణం పెట్టి తీసుకున్నాను, మోటారు రీవైండింగ్‌కే సగం పోయింది.

మీకు చేతకాదని నేను అనడం లేదు. 2020 నవంబరు 25న నివర్ తుపాను వస్తోందంటే, చెరువు 22 అడుగులకు చేరగానే మధ్యాహ్నం పన్నెండింటికి 1,000 క్యూసెక్కులతో మొదలుపెట్టారు. పట్టపగలు, ముందుగా చెప్పి, మెల్లగా పెంచారు. ఆ రోజు మేం అన్నం వండుకుని, గిన్నెలతో సహా మేడెక్కి, కింద ఏమవుతుందో చూస్తూ తిన్నాం. అలాగే ప్రతిసారీ చేయండి అంటున్నాను. అందుకు అడిగేవి ఇవి.

1. క్యూసెక్కులను మెట్లలోకి మార్చి చెప్పండి. 5,000 వదిలితే సైదాపేట వంతెన దగ్గర నది ఎంత ఎత్తు, 10,000కి ఏ వీధి, 20,000కి ఏ వీధి, ఎంత లోతు అన్న పట్టిక అక్టోబరు రాకముందే అచ్చువేసి ప్రతి వార్డులో అంటించండి. కరెంటు స్తంభాల మీద 2015 నీటిమట్టం ఎర్ర గీతగా, 2023ది పసుపు గీతగా గీయించండి. అప్పుడు వార్తల్లో అంకె వినగానే మా స్తంభం మీద ఎక్కడ చూసుకోవాలో మాకు తెలుస్తుంది. పెయింటు డబ్బాలు కావాలంటే మా వీధివాళ్లం చందా వేసుకుంటాం, ఇది ఎగతాళికి అనడం లేదు. కొలత మాత్రం మీరు ఇవ్వాలి, అది మా దగ్గర లేదు.

2. గేటు ఎత్తిన నీళ్లు మా దాకా రావడానికి కొన్ని గంటలు పడుతుంది. ఆ గంటలు మావి. విడుదల పెంచాలని నిర్ణయించిన నిమిషానే ప్రకటించండి, ఎత్తాక కాదు. వీలైనంతవరకు మొదటి విడుదల పగటిపూట పెట్టండి. తప్పనిసరై రాత్రి ఎత్తితే సైరన్, వీధుల్లో ఆటో మైకు, గుడి మైకు, మసీదు మైకు, చర్చి గంట ఏది దొరికితే అది వాడండి. కరెంటు పోయిన రాత్రి ఫోను అలర్ట్‌ని నమ్ముకోవద్దు.

3. మార్జిన్ లెక్క బయటపెట్టండి. అక్టోబరు 1న చెరువు ఎన్ని అడుగుల దగ్గర ఉండాలి, నవంబరు 15న ఎన్ని, డిసెంబరు చివర ఎన్ని, వాన అంచనా ఎంత దాటితే ముందుగానే ఎంత దించుతారు అనేవి కాగితం మీద పెట్టి అందరికీ చూపించండి. ఏ కారణంతోనైనా ఆ గీత దాటి నిల్వ ఉంచితే ఎవరు నిర్ణయించారో రాసి ఉంచండి. దించాక వాన పడకపోతే మిమ్మల్ని తిట్టం అని మాట ఇస్తున్నాను. సరే, కొద్దిగా తిడతాం. కానీ లారీ కోసం కాపలా కాయడం మాకు వచ్చు, నీళ్లలో ఈదడం రాదు.

4. హెచ్చరిక తమిళంతో పాటు తెలుగులో, హిందీలో కూడా ఇవ్వండి. చదవలేనివాళ్ల కోసం మాటగా రికార్డు చేసి పంపండి. బిల్డింగ్ సైట్ల మేస్త్రీలకు నేరుగా ఫోను చేసే ఏర్పాటు పెట్టండి. తెలుగు గొంతు కావాలంటే ఈ ఊళ్లో తెలుగు సంఘాలకు కొదవ లేదు. ఉగాది వేదిక మీద మైకు పట్టుకునే పెద్దలు ఈ పనికి ఒక పూట ఇవ్వలేరా? ఈ లేఖ వాళ్లకీ చేరుతుందనే ఆశ.

5. ఇది మన ఆంధ్ర అధికారులకు. పిచ్చాటూరులో ఆరణియార్ డ్యామ్ గేట్లు ఎత్తితే ఆ నీళ్లు ఊత్తుకోట, పెరియపాళెం మీదుగా పొన్నేరి వైపు వస్తాయి. కృష్ణాపురం నీళ్లు పళ్లిపట్టు మీదుగా పూండి చేరి, అక్కడి నుంచి మణలి, ఎన్నూరు దాకా ముంచుతాయి. 2021 నవంబరులో మణలి పుదునగర్ ఎలా మునిగిందో మీ టీవీల్లోనూ వచ్చింది. మా చెల్లెలు ఊత్తుకోటలో ఉంటుంది. పైన గేట్లెత్తిన సంగతి ఆమెకు ఎక్కువసార్లు పాలవాడి నోట తెలుస్తుంది, వంతెన అవతల నుంచి రాలేకపోయానని అతను ఫోను చేసినప్పుడు. 1983 ఒప్పందంతో తెలుగుగంగ ఇచ్చి ఈ ఊరి దాహం తీర్చినవాళ్లు మీరు. వేసవిలో ఎన్ని క్యూసెక్కులు వస్తున్నాయో సరిహద్దులో జీరో పాయింట్ దగ్గర కొలిచి రెండు వైపులా రాసుకుంటున్నారు కదా, వరద నీళ్లకి కూడా అదే పద్ధతి పెట్టండి. గేటు ఎత్తే ముందు ఇటువైపు ఊళ్లకు నేరుగా, తెలుగులోనూ తమిళంలోనూ చెప్పండి.

6. మాకు చూపించిన పునరావాస కేంద్రం ఒక స్కూలు. 2023లో వెళ్తే తాళం వేసి ఉంది. తాళంచెవి వాచ్‌మన్ దగ్గర, వాచ్‌మన్ వేళచ్చేరిలో నీళ్ల మధ్య. రెండో తాళంచెవి వీధిలో ఎవరి దగ్గరైనా ఉంచండి.

7. ఏడాదికోసారి, సెప్టెంబరులో, నది వెంట ఉన్న ప్రతి వార్డులో ఒక ఆదివారం రిహార్సల్ పెట్టండి. సైరన్ మోగించి, కుర్చీలో మోయాల్సినవాళ్ల ఇళ్ల జాబితా రాసుకుని, ఎవరు ఎవరిని మోస్తారో అప్పుడే తేల్చుకుంటాం. అత్తయ్య పోయి మూడేళ్లయింది, మా ఇంటి నుంచి ఆ జాబితాలో ఇప్పుడు ఎవరూ లేరు. ఎదురింట్లో ఇద్దరున్నారు.

ఈ ఏడు అంశాలకూ వానలు మొదలయ్యేలోపు, అంటే అక్టోబరు 1 లోగా జవాబు ఇవ్వండి. కుదరనివి ఎందుకు కుదరవో రాయండి, చదువుకుంటాం. ఎవరైనా ఇంజినీరు గారు స్వయంగా వచ్చి చూస్తానంటే ఇంకా మంచిది. మా మెట్ల పక్క గోడ మీద పెన్సిల్ గీతలు ఉన్నాయి, 2015ది, 2023ది. ఓనరు గారు ఇంటికి రెండుసార్లు సున్నం వేయించినా ఆ రెండడుగుల వెడల్పు వదిలేయమన్నారు. షాపు ఉదయం పది నుంచి రాత్రి ఎనిమిదింటి దాకా తెరిచే ఉంటుంది, మధ్యాహ్నం భోజనానికి కూడా మూయను.

జవాబు తమిళంలో రాసినా ఫర్వాలేదు. మా అబ్బాయి చదివి పెడతాడు.

ఇట్లు,
ఒక టైలరమ్మ,
సైదాపేట, చెన్నై